లేడీస్ సైకిలుకు పదిహేను వందల వాట్లు

పల్నాట్లో మగవాడు ఆగి ఉన్న బండి పక్కన చేతులు ఊరికే పెట్టుకుని నిలబడలేడు. ఇది నేను చాలాకాలం పరిశీలించి చెబుతున్న మాట. టీ కొట్టు ముందు చూశాను, కోర్టు ముందు చూశాను, పెళ్ళి పందిరి ముందు, ఆఖరికి చావింటి ముందు కూడా చూశాను. బండి తనది కానక్కర్లేదు. బండి గలవాడు తెలిసినవాడు కూడా కానక్కర్లేదు. మాట మొదలుకాగానే కుడిచెయ్యి దానంతటదే హ్యాండిలు మీదికి పోతుంది, ఎక్సలేటరు పట్టుకుంటుంది, తిప్పుతుంది. ఇంజను ఆగే ఉంటుంది కాబట్టి ఏమీ జరగదు. ఏమీ జరగలేదు కాబట్టి మళ్ళీ తిప్పుతాడు. నరసరావుపేటలో ఒక పెద్దమనిషి అన్నదమ్ముల గట్టు తగువు మొత్తం ఎవరిదో బండి ఎక్సలేటరు తిప్పుతూనే తీర్చాడు. తీర్పు చెప్పే సమయానికి ఆ బండి కేబులు తెగింది. అన్నదమ్ములిద్దరూ తీర్పుకు ఒప్పుకున్నారు, బండి గలవాడు ఒప్పుకోలేదు.

రెండో అలవాటు తాళంచెవి. ఊళ్ళో బండికి తాళంచెవి తీయరు. తీస్తే ఇరుగుపొరుగును దొంగలన్నట్టు. మా బావ మోటారు సైకిలుకు తాళంచెవి పెట్టిన చోటే తుప్పుపట్టి బండిలో ఒక అవయవం అయిపోయింది. దాన్ని బయటికి తీయాలంటే వెల్డింగు షాపుకు తీసుకుపోవాలి.

ఈ రెండు అలవాట్లూ ఎవరి దారిన అవి ఉన్నంతకాలం ఎవరికీ ఏ హానీ జరగలేదు. వాటిని ఒకచోట కలిపినది నేను తెప్పించిన మోటారు.

మా అక్కను ఈపూరు దగ్గర పల్లెకు ఇచ్చాం. బావ మిరప రైతు. పొద్దున్నే చేలోకి పోయి మొక్కలన్నిటినీ వరసగా పలకరించి, బాగా పెరిగినదాన్ని గమ్మున చూసి, పెరగనిదాన్ని తిట్టి, ఇంటికొచ్చి అన్నం తింటాడు. తిట్టకుండా వచ్చిన రోజు అన్నం సహించదు. అట్లాంటి మనిషికి మోకాళ్ళలో గుజ్జు అరిగిపోయింది. నరసరావుపేటలో నిలబడి ఏ దిక్కుకు రాయి విసిరినా ఏదో ఒక ఆసుపత్రి అద్దానికి తగులుతుంది. ఆ అద్దాలన్నిటి వెనకా మేము కూర్చుని వచ్చాం. అందరూ ఒక్కటే చెప్పారు. కిక్కు కొట్టకూడదు, బరువు మోయకూడదు, దూరం నడవకూడదు. బావ మోటారు సైకిలుకు సెల్ఫు పోయి చాలా ఏళ్ళయింది. కిక్కు కొడితే తప్ప కదలదు. ఒక్కోసారి కొట్టినా కదలదు, తిట్టాలి.

దాంతో బావ ఇంట్లో కూర్చున్నాడు. చేలో మొక్కలకు అందాల్సిన తిట్లన్నీ వంటింట్లోకి మళ్ళాయి. పోపులో ఆవాలు ఎప్పుడు వెయ్యాలో మా అక్కకు చెప్పడం మొదలుపెట్టాడు. ఆమె ఫోను చేసి నన్ను పిలిపించింది.

"ఒరేయ్, మీ బావ చేలోకి పోతే ఆయన మోకాళ్ళు పోతాయి. ఇంట్లో కూకుంటే నా ప్రాణం పోద్ది. రెంట్లో ఏది పోవాల్నో నువ్వే చెప్పు. సదువుకున్నోడివి."

నేను పేటలో ఒక కాలేజీలో తెలుగు చెబుతాను. ఈ ప్రశ్న ఏ సిలబస్‌లోనూ లేదు.

ఈలోగా పక్క చేను ఆయన రోజూ సాయంత్రం వచ్చి బావ మోకాళ్ళ క్షేమం అడగడం మొదలుపెట్టాడు. బావ ఆయన్ని మావా అంటాడు. అక్కా నేనూ బాబాయ్ అంటాం. మంచి మనిషే. ట్రాక్టరు ఉంది, ఆరోగ్యం ఉంది, మా బావ పొలం మీద ప్రేమ కూడా ఉంది. తన చేనుకూ బావ చేనుకూ మధ్య ఒక గట్టే అడ్డం. ఆ గట్టును ఆయన చూసే చూపు, పాలు పొంగే గిన్నెను పిల్లి చూసే చూపు. మోకాళ్ళ గురించి అడిగి, అయ్యో అని, టీ తాగి, లేచేముందు మాత్రం కౌలు మాట తెచ్చేవాడు.

"నాకిచ్చి నువ్వు నిమ్మళంగా కూకో అల్లుడూ. నీ చేను నా చేనులెక్క చూసుకుంటా."

"అదే నా బయం మావా," అనేవాడు బావ.

చివరికి మా అక్క తేల్చి చెప్పింది. ఆ ఇంట్లో హైకోర్టు ఆమెది, పైకోర్టు లేదు.

"ఎవురూ దించకుండా, ఎవురూ తీసుకురాకుండా, నీ అంతట నువ్వు పొలం పోయిరా. పోయి రాగలిగితే పొలం నువ్వే చేసుకో. ఒక్కసారి ఎవురన్నా నిన్ను మోసుకొచ్చారా, ఉగాదికి బాబాయికి కౌలు. ఇంక మాట లేదు."

అప్పుడు నేను రంగంలోకి దిగాను. రాత్రుళ్ళు ఫోనులో వీడియోలు చూసి, హబ్ మోటారు కిట్టు అనేది ఒకటి ఉందని తెలుసుకున్నాను. మామూలు సైకిలు వెనక చక్రం ఊడదీసి, వాళ్ళు పంపిన చక్రం బిగించాలి. ఆ చక్రం నడిమధ్య పప్పు గిన్నె మూతంత ఇనుప డబ్బా ఉంటుంది, మోటారు అందులోనే. బ్యాటరీ, కంట్రోలరు, హ్యాండిలుకు ఎక్సలేటరు, తాళం. అంతే, సైకిలు కరెంటు బండి అయిపోతుంది. కిక్కు లేదు, క్లచ్చి లేదు, గేర్లు లేవు. మోకాలుకు పనే లేదు.

సైకిలుకు రెండొందల యాభై వాట్లు చాలని వీడియోలో చెప్పారు. నేను పదిహేను వందలది తెప్పించాను. మా అక్క పచ్చడి రుబ్బే మిక్సీకే ఏడొందల యాభై వాట్లుంటాయి. మా బావ రెండు మిక్సీలకు తీసిపోయాడా? ఇంత బలమున్నదాన్ని రోడ్డెక్కించాలంటే రిజిస్ట్రేషను కావాలని నాకు తెలుసు. కానీ బావ ఇంటి నుంచి పొలం దాకా ఉన్నది డొంక. ఆ ఎడ్లబండ్ల దారిని రోడ్డు అని పిలిచే ధైర్యం ఇంతవరకూ ఏ ప్రభుత్వానికీ రాలేదు.

కిట్టు వచ్చాక తెలిసింది, బావ పాత సైకిలు పనికిరాదని. దానికి నడుమ అడ్డ కమ్మీ ఉంది. కాలు పైకెత్తి దాటించాలి. బావ కాలు ఇప్పుడు గుమ్మం దాటడానికే ముహూర్తం చూసుకుంటోంది. ఇంట్లో ఉన్న రెండో సైకిలు నా మేనకోడలు పెళ్ళికి ముందు కాలేజీకి తొక్కిన లేడీస్ సైకిలు. గులాబీ రంగు. ముందు తెల్ల బుట్ట. బుట్టకు ప్లాస్టిక్ పువ్వు.

బావ దాన్ని ముందునుంచీ వెనకనుంచీ చూశాడు.

"ఒరే బామ్మర్దీ, నేనేమన్నా ఇంటరు సదవబోతన్నానంటరా?"

"కాలెత్తే పని లేదు బావా."

"పువ్వన్నా పీకు."

పువ్వు పీకాం. ఊరికంతటికీ అది పువ్వు పీకిన సైకిలని దూరం నుంచే తెలిసేది, ఎందుకంటే పువ్వు ఉన్నచోట మాత్రం బుట్ట మాయకుండా తెల్లగా నిగనిగలాడుతోంది.

బిగించడం మొదలుపెట్టాం. నేను మాన్యువల్ చదివాను, బావ స్పానరు తిప్పాడు. మాన్యువల్ ఇంగ్లీషులో ఉంది, ఇంగ్లీషు రానివాడు ఇంగ్లీషు రానివాళ్ళ కోసం రాసిన ఇంగ్లీషు. అందులోని బొమ్మలకూ మా ముందున్న సామానుకూ దూరపు చుట్టరికం మాత్రమే కనిపించింది. వెనక చక్రం ఎక్కింది. బ్యాటరీని క్యారేజీ మీద మోకుతో కట్టాం. వైర్లన్నీ కలిపితే చిటుక్కున ఒక మెరుపు మెరిసింది. అది మామూలేనని మాన్యువల్‌లో ఉంది. అక్కకు మాన్యువల్ చదివి వినిపించాక కూడా ఆమె పెరట్లోంచి లోపలికి రాలేదు.

అంతా అయ్యాక రెండు ఇనుప పలకలు మిగిలాయి. ఒక కొసన బొక్క, ఒక కొసన వంపు.

"ఇయ్యి యాడియి బావా?"

"మిగలకపోతే అనుమానపడాలి గానీ, మిగిలితే ఎందుకు బయం? మన బోరు మోటారు విప్పి బిగించినప్పుడల్లా గుప్పెడు బోల్టులు మిగుల్తాయి. బరువు తగ్గి ఇంకా బాగా తిరుగుద్ది."

ఆ పలకలను వసారాలో మేకుకు తగిలించాడు. నేను సరేనన్నాను. తెలుగు చెప్పేవాడికి ఇంతకన్నా మంచి వాదన ఎక్కడ దొరుకుతుంది?

మొదట నేను ఎక్కాను. సైంటిస్టు కాబట్టి కాదు, బావలా కాక, నేను పోయినా ఊరికి నష్టం లేదు కాబట్టి. ఎక్సలేటరు కొంచెం తిప్పాను. కొంచెమంటే, ఉప్పు సరిపోయిందో లేదో చూడడానికి నాలిక మీద వేసుకునేంత. సైకిలు వెళ్ళింది. నేను కాస్త ఆలస్యంగా వెళ్ళాను. వీధి మలుపు దగ్గర ఇద్దరం కలుసుకున్నాం.

ఆ ప్రయాణం చెప్పాలంటే ముందు దాని నిశ్శబ్దం గురించి చెప్పాలి. మా వైపు బండి అంటే ముందు శబ్దం వస్తుంది, తర్వాత పొగ వస్తుంది, చివరికి మనిషి వస్తాడు. దీనికి ముందే మనిషి వచ్చేస్తాడు. వీధికుక్కలు శబ్దాన్నిబట్టి తరుముతాయి. నన్ను చూసి ఒక కుక్క లేచి, తరమాలా వద్దా అని రెండు ప్రక్కలా ఆలోచించి, ఒక నిర్ణయానికి వచ్చేలోపు నేను ఊరు దాటాను. కళ్ళలో నీళ్ళు చెంపల మీదికి రాకుండా తిన్నగా చెవుల్లోకి పోయాయి. చొక్కా వెనక గాలి నిండి నన్ను పైకి లాగింది. డొంకలో గేదెను తోలుకొస్తున్న ముసలమ్మ పక్కనుంచి పోతే, ఆమె గేదెతో చెప్పింది, "ఎవురో పోయినట్టుంది గదే?" అని. గేదె సమాధానం చెప్పేలోపు దాన్ని కూడా దాటాను. వెనక్కి తిరిగి వచ్చేటప్పుడు జనం దారి పక్కన నిలబడి ఒకటే ప్రశ్న అడిగారు: "ఎంతిచ్చిద్ది?" మనం చంద్రుడి మీదికి పోయే రాకెట్టు కొన్నా పల్నాడు మొదట అడిగేది మైలేజీయే.

మర్నాడు పొద్దున బావ ఎక్కాడు. మా అక్క గేటు దగ్గర నిలబడింది. చీర కొంగు నోట్లో పెట్టుకుంది. బావ బుట్టలో నీళ్ళ సీసా పెట్టుకుని, వీపు నిటారుగా చేసుకుని, గులాబీ సైకిలు మీద నిదానంగా డొంకలోకి మలుపు తిరిగాడు. పెడళ్ళ మీద కాళ్ళు ఊరికే పెట్టుకున్నాడు. వెనకనుంచి చూస్తే ఆయన్ని ఎవరో కనబడనివాళ్ళు తోస్తున్నట్టుంది.

మధ్యాహ్నానికి ఒకసారి ఫోను చేశాడు. "తూర్పు సాళ్ళ మొక్కలకి నేను లేననుకోని ఆకు ముడతొచ్చింది. తిట్టా. బయల్దేరుతన్నా." ఆ గొంతు విని మా అక్క పొయ్యి వెలిగించింది.

ఆయన రాలేదు. అన్నం ఉడికింది, చల్లారింది. రాలేదు.

జరిగిందేమిటంటే, కాలువ కట్ట ఎక్కేటప్పుడు బావ ఎక్సలేటరు పూర్తిగా తిప్పాడు. పదిహేను వందల వాట్లు చక్రాన్ని ముందుకు తిప్పాలని చూశాయి. పొలం వైపు కట్ట నిటారుగా ఉంది, చక్రం తిరగలేదు. వాట్లు ఊరుకోవు కదా, చక్రం బదులు ఇరుసును వెనక్కి తిప్పాయి. ఇరుసులోంచి వచ్చే వైర్లు దానికి చుట్టుకుని తెగాయి. ఇరుసు తిరక్కుండా పట్టుకునేందుకు ఆ కంపెనీవాళ్ళు రెండు ఇనుప పలకలు పంపారు. అవి వసారాలో మేకుకు క్షేమంగా వేలాడుతున్నాయి.

ఈసారి బావ మాకు ఫోను చేయలేదు. చేస్తే అక్క మాట ప్రకారం ఓడినట్టు. కట్ట మీద కూర్చుని, ఏం చెయ్యాలో తోచక, ఆ గులాబీ సైకిలును తిట్టాడట. మొక్కల్లాగా అది పెరగలేదు. ఆ దారిన జొన్నచొప్ప ట్రాక్టరు వచ్చింది. తోలుతున్నది ఎవరో చెప్పక్కర్లేదు.

బాబాయి సైకిలును చొప్ప మీదికెక్కించాడు. సైకిలు పక్కన బావను ఎక్కించాడు. చక్కగా ఇంటికి వచ్చే దారి వదిలి, ఊరి సెంటరు మీదుగా తోలుకొచ్చాడు. సెంటర్లో ట్రాక్టరు ఆపి టీ తాగాడు. రెండోది కూడా తాగాడని కొందరంటారు. అంతసేపూ మా బావ చొప్ప మీద, గులాబీ సైకిలు పక్కన, ఊరేగింపులో స్వామివారిలా కూర్చున్నాడు. అందరూ వచ్చి దర్శనం చేసుకుని, ఎంతిచ్చిద్దని అడిగి వెళ్ళారు.

ఇంటి ముందు దించి బాబాయి మా అక్కతో అన్నాడు, "అమ్మాయ్, మోసుకొచ్చా. రేపు పొద్దున్నే వస్తా, మాట్టాడుకుందాం."

అక్క గేటు తీసి పట్టుకుంది. మాట ఇచ్చింది ఆమే.

ఆ సాయంత్రం బావ అన్నం ముందు కూర్చుని మెతుకులు కలుపుతూనే ఉన్నాడు. నేను పక్కన కూర్చున్నాను. అన్నాడు, "గట్టు మీద రోజూ ఒక మనిషి నిలబడతాడని మొక్కకి తెలుసుద్దిరా. రేపట్నుంచి ఇంకోడు నిలబడితే, పాపం, అది ఎవురికని కాసుద్ది?" నేను లేచి వెళ్ళి మేకు మీది పలకలు తెచ్చాను.

మాన్యువల్ చివరి పేజీలో వాటి బొమ్మ ఉంది. మొదటి పేజీలో ఉండాల్సింది. వైర్లు అతికించాం, పలకలు బిగించాం, వెనక చక్రాన్ని స్టాండు మీద తిప్పి చూశాం. తిరిగింది. కానీ ఇప్పుడు ఎందుకు తిరగడం? మాట పోయాక. బావ సైకిలును గేటు పక్కన, మొహం వీధివైపు పెట్టి నిలబెట్టి, ఎప్పటిలాగే తాళంచెవి తిప్పింది తిప్పినట్టే అందులోనే వదిలేసి, లోపలికి పోయి పడుకున్నాడు.

పొద్దున బాబాయి వచ్చాడు. తలంటుకున్నాడు. తెల్ల చొక్కా, తెల్ల లుంగీ. కౌలు మాట్లాడడానికి వచ్చినట్టు లేదు, పొలం మెళ్ళో తాళి కట్టడానికి వచ్చినట్టుంది. బావ వసారాలో మంచం మీద. నేను మెట్టు మీద. అక్క గుమ్మంలో. కుర్చీ తెస్తానన్నాను. వద్దని ఆయన చక్కగా వెళ్ళి ఆ గులాబీ సైకిలు సీటు మీద కూర్చున్నాడు. స్టాండు మీద ఉన్న సైకిలు కుర్చీ కంటే హాయి అని మా వాళ్ళ నమ్మకం.

"ఏందల్లుడూ, అంత దిగులు? పొలం యాడికీ పోదు. గట్టు ఇవతల్నుంచి అవతలికి, అంతేగా."

అని, కుడిచెయ్యి హ్యాండిలు మీద వేశాడు. ఎక్సలేటరు పట్టుకున్నాడు. తిప్పాడు.

ఏమీ జరగలేదు. అంటే, ఆయనకు ఏమీ వినపడలేదు. మా సైకిళ్ళ స్టాండు వేస్తే వెనక చక్రం నేలకు బెత్తెడు పైకి లేచి ఉంటుంది. ఆయన వెనక ఆ చక్రం చప్పుడు లేకుండా గిర్రున తిరగడం మొదలుపెట్టింది. నేను చూశాను. బావ చూశాడు. ఊచలు కనబడడం మానేసి, చక్రం ఒక పళ్ళెంలా అయిపోయింది.

నేను నోరు తెరిచాను. బావ మంచం మీది నుంచి కాలు చాచి నా కాలు తొక్కాడు. మోకాలు బాగాలేని మనిషికి అంత బలం ఎక్కడిదో ఏ డాక్టరూ చెప్పలేడు. ఐనా మర్యాద మర్యాదే కాబట్టి, నేను నోరు మూసుకునే ముందు అన్నాను, "బాబాయ్, దాని మీద జాగర్త."

"దీని మీదా?" అని బాబాయి నవ్వి, ఇంకాస్త తిప్పాడు. "ఇదేమన్నా బండంట్రా? కట్ట ఎక్కలేక సచ్చిన బొమ్మ. దీనికి బలం ఎక్కడేడ్చింది? మోకాళ్ళు లేనోడికి మోటారు లేని సైకిలు! నా మాట ఇనల్లుడూ..."

మాట గట్టిగా చెప్పేటప్పుడు మనిషి ముందుకు వంగుతాడు. బాబాయి వంగాడు. స్టాండు వెనక్కి మడుచుకుంది. చక్రం నేలను తాకింది.

తర్వాత మా అక్క చెప్పింది, తను కళ్ళు మూసి తెరిచేలోపు గేటు దగ్గర బాబాయి చెప్పులు మాత్రమే ఉన్నాయని. నేను కళ్ళు మూయలేదు, కాబట్టి కొంత చూశాను. భయపడ్డ మనిషి చేతిలో ఉన్నదాన్ని గట్టిగా పట్టుకుంటాడు. గట్టిగా పట్టుకున్నకొద్దీ ఎక్సలేటరు ఇంకా తిరుగుతుంది. తిరిగినకొద్దీ ఇంకా భయం. బాబాయి జీవితమంతా మోటారు సైకిలు తోలినవాడు, బ్రేకు కుడికాలి కింద ఉంటుందని ఆ కాలికి తెలుసు. శక్తికొద్దీ తొక్కాడు. సైకిలుకు అక్కడ ఉండేది పెడలు. అంటే పదిహేను వందల వాట్లకు బాబాయి కూడా తోడయ్యాడు.

లుంగీ జెండాలా ఎగిరింది. మొన్న నన్ను తరమాలా వద్దా అని ఆలోచించిన కుక్క ఈసారి ఆలోచించకుండా గోడెక్కింది. వీధి చివర మా అక్కావాళ్ళ కల్లం. ఎండబోసిన మిరపకాయలు, ఈ చివర నుంచి ఆ చివరకు ఎర్రటి తివాచీ, మధ్యలో నడుమెత్తు కుప్ప. సైకిలు తివాచీ మొదట్లో జారి పక్కకు పడుకుంది. బాబాయి పడుకోలేదు. కుప్ప దాకా సొంతంగా వెళ్ళాడు.

మిరపకాయల్లో పడిన మనిషికి దెబ్బలు తగలవు. మిగతావన్నీ తగులుతాయి. కల్లంలో కాయలు ఏరుతున్న ఆడవాళ్ళు లేచారు, వీధి మొత్తం పరుగెత్తుకొచ్చింది. కుప్పలోంచి ముందు ఒక తుమ్ము వచ్చింది, తర్వాత ఇంకోటి, అటుపైన లెక్కపెట్టే వీలు లేకుండా వచ్చాయి. తుమ్ముల వెనక బాబాయి వచ్చాడు. తెల్ల చొక్కా మీద తొడిమలు, గింజలు. కళ్ళు కాయల రంగుకు దగ్గరగా ఉన్నాయి. మా అక్క మజ్జిగ చెంబుతో పరుగెత్తి ఆయన మొహాన పోసింది.

అప్పుడు ఊరంతా ఆయన చుట్టూ నిలబడి, ఒక పెద్దాయన అడగనే అడిగాడు.

"ఏందిరా, ఆడపిల్ల సైకిలు తొక్కటం చేతగాక పడ్డావా?"

బాబాయి మొహంలో ఆ క్షణాన నేను చూసినంత ఆలోచన ఏ అసెంబ్లీలోనూ చూడలేదు. సైకిలు బొమ్మ అంటే, బొమ్మ మీదినుంచి పడ్డవాడవుతాడు. ఊళ్ళో ఇక ఆ మాట ఆయన మనవల పెళ్ళిళ్ళలో కూడా చెప్పుకుంటారు. ఆయన తుమ్మి, మీసం మీది గింజ తీసి, గొంతు సవరించుకున్నాడు.

"బొమ్మా? ఎవుడ్రా బొమ్మంది? అదేం బలంరా నాయనా! నా ట్రాక్టరుకి లేదు ఆ లాగుడు. నాలాంటోడే ఆపలేకపోయాడంటే నువ్వు ఆపుతావా? కావాలనే టెస్టు చేశా. ఆ కాలువ కట్ట కాదు, కొండెక్కుద్ది అది!"

"అట్టనా బాబాయ్?" అంది మా అక్క. చాలా మెత్తగా అంది. ఆ మెత్తదనం మా చిన్నప్పటినుంచి నాకు తెలుసు, దాని తర్వాత ఎప్పుడూ ఎవరో ఒకరికి నష్టం జరుగుతుంది. "అయితే మా ఆయన దాని మీద పొలం పోయి రావచ్చంటావా?"

బాబాయి ఊరివైపు చూశాడు. ఊరు ఆయనవైపు చూసింది. మజ్జిగ గడ్డం మీంచి కారుతోంది.

"నిక్షేపంగా," అన్నాడు.

"అందరూ ఇన్నారుగా?" అంది అక్క.

అందరూ విన్నారు. కుప్ప దగ్గరికి రావడానికి మోకాళ్ళు ఒప్పక గేటు పట్టుకుని నిలబడ్డ బావ కూడా విన్నాడు. ఆ రోజు ఆయన అన్నం రెండోసారి కలిపించుకున్నాడు. పోపు గురించి ఏమీ అనలేదు.

కౌలు మాట అక్కడితో పోయింది కానీ, అక్క భయం పోలేదు. ఆ సైకిలును ఊళ్ళో ఎక్కడ ఆపినా ఎవడో ఒకడు వచ్చి మాట్లాడతాడు, మాట్లాడితే తిప్పుతాడు. ప్రతివాడికీ అడ్డంగా మిరప కుప్ప పెట్టలేం. తాళం తీసి జేబులో వేసుకొమ్మని బావకు చెప్పింది. ఆయన మరిచాడు. మళ్ళీ చెప్పింది. మళ్ళీ మరిచాడు. మూడోసారి ఆమె చెప్పలేదు. ఒక నైలాను తాడు తెచ్చి, ఒక కొస తాళంచెవికి కట్టి, రెండో కొస బావ మొలతాడుకు కట్టింది.

"నేనేమన్నా గొడ్డునంటే?" అని బావ అరిచాడు.

"గొడ్డయితే చెప్పిన మాట ఇనేది."

ఇక దిగి పక్కకు పోవాలంటే తాళం తీయక తప్పదు. తీయకపోతే సైకిలు కూడా వెంట వస్తుంది. మొదటిరోజు వచ్చింది కూడా. టీ కొట్టు దగ్గర దిగి మరిచిపోయి బెంచీ వైపు నడిస్తే, గులాబీ సైకిలు స్టాండు దిగి ఆయన వెనక పడింది. దానికి టీ పోయమంటావా అని కొట్టాయన అడిగాడు. ఆ తర్వాత బావ మరిచిపోలేదు.

మొన్న ఆఖరి కోతకు ముందు నేను వెళ్ళినప్పుడు, పొద్దున్నే బావ పొలంలో ఉన్నాడంటే అక్కడికే పోయాను. గట్టు కింద డొంకలో సైకిలు నిలబడి ఉంది. బావ తూర్పు సాళ్ళలో నిలబడి ఒక మొక్కను ఏదో అంటున్నాడు. మొలదగ్గర తాళంచెవి ఎండకు మెరుస్తోంది. పక్క చేలోంచి బాబాయి దిగి వచ్చాడు. సైకిలు పక్కన నిలబడి నాతో మాట మొదలుపెట్టాడు, ఈ ఏడు కాయ ధర గురించి, వానల గురించి.

మాట మధ్యలో ఆయన కుడిచెయ్యి లేచింది. హ్యాండిలు దాకా పోయింది. గాలిలో ఆగింది. బాబాయి దాన్ని చూశాడు, వేరే ఎవరిదో చెయ్యిని చూసినట్టు. నిదానంగా వెనక్కి తెచ్చుకుని, రెండో చేతితో పట్టుకుని, రెండూ వీపు వెనక కట్టుకున్నాడు.

"తాళం లేదులే బాబాయ్," అన్నాను.

"తెలుసులేరా," అన్నాడు. చేతులు మాత్రం తీయలేదు.